మెట్టుకు మర, గీతకు చెయ్యి

ఎలక్ట్రిక్ గిటారు కొనేవాళ్లలో రెండు శాఖలున్నాయి. చేతిపని శాఖవారికి మర తగిలితే మైల. మర శాఖవారికి చెయ్యి తగిలితే అనుమానం. మొదటివారి దగ్గర ‘ఆత్మ’ ఉంది, రెండోవారి దగ్గర మిల్లీమీటరులో నూరో వంతు ఉంది. పలనాటివాళ్లు కోడిపందెంతో సరిపెట్టుకోలేక కారెంపూడి దాకా వెళ్లారు గానీ, వీళ్లకు అంత శ్రమ అక్కర్లేదు. క్రెడిట్ కార్డు గీకి ఎవరి మతం వాళ్లు నిలబెట్టుకుంటారు. రెండు శాఖల హుండీలూ ఒకే కంపెనీ లోపలికి తెరుచుకుంటాయన్న సంగతి మాత్రం భక్తులకు పట్టదు.

గొడవ దేనికయ్యా అంటే, గిటారు మెడ మీద అడ్డంగా దిగ్గొట్టిన ఇరవై ఒకటో ఇరవై రెండో తీగముక్కల కోసం. వీణ మీద వాటిని మెట్లంటాం, గిటారువాళ్లు ఫ్రెట్లంటారు. చెక్క మీద మిల్లీమీటరు పైచిలుకు ఎత్తు, రెండు రెండున్నర మిల్లీమీటర్ల వెడల్పు. ఎక్కువ గిటార్లకు వేసే లోహం నికెల్ సిల్వర్. పేరంటాల్లో పంచిపెట్టే గిన్నెల పుణ్యమా అని మనకు జర్మన్ సిల్వర్‌గా పరిచయమైనదే: రాగి, నికెల్, జింకు. వీసమెత్తు వెండి ఉండదు. లేని వెండి మీద లేని ఆత్మను వెతుక్కుంటున్న భక్తులకు ఈ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి.

అలాగని విషయం చిన్నదేమీ కాదు. పన్నెండో మెట్టు దగ్గర తీగకూ మెట్టుకూ మధ్య సందు రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఆ కాస్త సందులోనే తీగ ఊగాలి. ఒక్క మెట్టు పక్కదానికంటే వెంట్రుకవాసి లేచినా తీగ దానికి తగిలి జర్రుమంటుంది. తీగను పక్కకు లాగి స్వరాన్ని పైకి ఎక్కించబోతే మధ్యలోనే చచ్చిపోతుంది. ఆడలేక మద్దెల ఓడు అంటారు గానీ, ఈ వ్యవహారంలో చాలాసార్లు మద్దెల నిజంగానే ఓడు. ‘నా వేళ్లకు రాదులే’ అని కుర్రవాళ్లు అటకెక్కించిన గిటార్లను దింపి చూడండి. తప్పు వేళ్లది కాదు, తొమ్మిదో మెట్టుది.

చేతితో మెట్లు సరిచెయ్యడం ఒకసారి దగ్గర నుంచి చూడాల్సిన పని. ముందు తీగలు విప్పి, మెడ లోపలి ట్రస్ రాడ్ తిప్పి, మెడను తిన్నగా నిలబెడతారు. చెక్కకు గీతలు పడకుండా మెట్ల మధ్య టేపు అంటిస్తారు. ఆపైన ప్రతి మెట్టు నెత్తినా మార్కర్ పెన్నుతో రంగు పూస్తారు. ఇక వంకర ఏమాత్రం లేని పొడవాటి లోహపు బద్దకు శాండ్‌పేపరు అంటించి, మెడ పొడవునా ముందుకూ వెనక్కూ నడిపిస్తారు. ఎత్తు మెట్ల మీద రంగు ముందుగా పోతుంది, పల్లపు మెట్ల మీద మిగులుతుంది. అన్నిటి మీదా పోయిందంటే అన్నీ ఒక మట్టానికి వచ్చినట్టు.

పని అయిపోయిందనుకుంటాం. అవదు. అప్పటికి మెట్ల నెత్తులన్నీ బల్లపరుపుగా అరిగిపోయి ఉంటాయి. బల్లపరుపు మెట్టు మీద తీగ నడినెత్తిన ఆనదు, అంచున ఆనుతుంది, శ్రుతి జరుగుతుంది. అందుకని మళ్లీ రంగు పూసి, లోపలికి గుండ్రంగా తొలిచిన ఆకురాయితో ఒక్కొక్క మెట్టు భుజాలు అరగదీస్తూ వస్తారు. చివరికి నడినెత్తిన దారప్పోగంత రంగు గీత మిగలాలి. ఆ గీత చెరిగిందా, ఆ మెట్టు మళ్లీ పల్లమైనట్టే, కథ మొదటికొచ్చినట్టే. మెట్టు మెట్టుకూ ఈ నిగ్రహం ఉండాలి. తర్వాత అంచులు. ఇరవై రెండు మెట్లకు నలభై నాలుగు కొనలు, కొనకు రెండేసి మూలలు. ఎనభై ఎనిమిది మూలల పదును విడివిడిగా చంపాలి. ఆపైన ఒకదానికంటే ఒకటి సన్నని శాండ్‌పేపర్లతో మెరుగు.

అలవాటైన చేతికి దీనికి ఒక పూట పడుతుంది. ఫ్యాక్టరీలో ఆ పూట ఎవరిస్తారు? గిటారు పెట్టెలోకి వెళ్లబోయే ముందు వచ్చే పనుల్లో ఇదొకటి. కత్తెర ఎప్పుడూ ఇక్కడే పడుతుంది, ఎందుకంటే ఇది ఫొటోలో కనబడదు. చెక్క నరాలు కనబడతాయి, రంగు కనబడుతుంది, బంగారు పూత కీలు కనబడతాయి. తొమ్మిదో మెట్టు ఎత్తు ఏ కెమెరాకీ కనబడదు. కనబడని దాని మీద ఖర్చు పెట్టమని ఏ అకౌంటెంటు చెబుతాడు?

ఇక మర. బెర్లిన్‌లో గెర్డ్ ఆంకె అనే ఆయన పుట్టించిన ప్లెక్ యంత్రం ఈ రంగంలో పేరుమోసింది. గిటారును తీగలు బిగించి, శ్రుతి చేసి, అలాగే అందులో నిలువుగా అమరుస్తారు. ఆరు తీగలూ కలిసి మెడను నలభై కిలోల పైచిలుకు బలంతో లాగుతుంటాయి; ఆ లాగుడుకు మెడ ఎక్కడ ఎంత వంగిందో, ఏ మెట్టు ఎంత ఎత్తుందో ఒక సన్నని కొలమాని ఒక్కొక్కటీ తాకి చెబుతుంది. కిటుకంతా ఇందులోనే ఉంది. చేతిపనివాడు తీగలు విప్పిన మెడను సరిచేస్తాడు, అంటే నిద్రపోతున్న మెడను. మర మేలుకుని బరువు మోస్తున్న మెడను కొలుస్తుంది. తెర మీద గ్రాఫు వస్తుంది. ఎక్కడ ఎంత కొయ్యాలో మనిషి చెబితే కోస్తుంది. గిబ్సన్ కంపెనీ తన అమెరికా గిటార్లకు దీన్ని వాడుతుంది; వాడుతున్నానని గట్టిగా చెప్పుకుంటుంది కూడా.

మట్టం చెయ్యడం వరకే అడిగితే దీనికి సాటి వచ్చే చెయ్యి అరుదు. సోమవారం పొద్దున ఎలా కోస్తుందో శనివారం సాయంత్రమూ అలాగే కోస్తుంది. దానికి నడుంనొప్పి లేదు, ఇంటి అద్దె బెంగ లేదు. చేతిపని శాఖవారు కావాలంటే ఈ వాక్యం దగ్గర పేజీ తిప్పెయ్యొచ్చు.

మర శాఖవారు మాత్రం ఉండండి, మీ సంగతీ ఉంది. గాడిలో సరిగ్గా కూర్చోని మెట్టు ఒకటుందనుకోండి. కొలమాని దాని నెత్తిని తాకి ‘ఇంత ఎత్తు’ అని రాసుకుంటుంది. దాని కింద గాలి ఉందన్న సంగతి ఆ రాతలోకి రాదు. కోత పూర్తవుతుంది, గ్రాఫు చక్కగా వస్తుంది. వేలు పెట్టి నొక్కితే మెట్టు దిగుతుంది, వదిలితే లేస్తుంది. పుట్టుకలోనే ఊగుతున్న మెట్టును కూర్చోబెట్టేది, జిగురు పట్టించి బిగించేది, కోత గీతలు పోయేలా మెరుగు పెట్టేది మనిషే. మెడకు ఎంత వంపు ఉంచాలో, పై మెట్ల దగ్గర ఎంత దించాలో చెప్పేదీ మనిషే. ఆ మనిషికి పని రాకపోతే, మర ఆ రానితనాన్ని మిల్లీమీటరులో నూరో వంతు ఖచ్చితత్వంతో అమలు చేస్తుంది. కొన్నవాడు మాత్రం ఆ గ్రాఫు కాగితాన్ని జాతకచక్రంలా మడిచి దాచుకుంటాడు. గిటారు జర్రుమంటే గ్రాఫు తీసి చూసుకుని, చెవి డాక్టరు దగ్గరికి వెళ్తాడు.

మెట్టు ఎంత ఎత్తుండాలన్నది ఒక పేచీ. ఎక్కడుండాలన్న దాంట్లో పేచీ ఏనాడో తేలిపోయింది. గెలీలియో తండ్రి విన్సెంజో గెలీలీ 1581లోనే మిగిలిన తీగ పొడవులో పద్దెనిమిదో వంతు చొప్పున జరుపుకుంటూ పొమ్మన్నాడు. ఇప్పుడు పద్దెనిమిది బదులు 17.817 వాడతారు. ఫెండర్ కంపెనీ కొలత 648 మిల్లీమీటర్ల తీగకు మొదటి మెట్టు, మెడ చివర తీగలు ఆనే నట్టు నుంచి 36.37 మిల్లీమీటర్ల దూరంలో పడుతుంది. ఈ గాడి కొయ్యడానికి కంప్యూటరు నడిపే సీఎన్‌సీ మర కంటే చేతిరంపం మేలని ఎవరైనా అంటే, ఆయన అమ్మేది గిటారు కాదు, అపశ్రుతి. ఒకసారి రంపం పడ్డాక గిటారు మెట్టు జరగదు మరి.

వీణ మెట్టు జరుగుతుంది. బొబ్బిలి పక్క గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాల వాళ్లు పనస మానుతో వీణ చేసి, మైనంలో బొగ్గుపొడి కలిపి మేళం కట్టి, ఆ మైనం గట్ల మీద ఇరవై నాలుగు మెట్లు నిలబెడతారు. ఏ మెట్టు ఎక్కడ కూర్చోవాలో చెప్పేది చెవి. తేడా వస్తే మైనం వేడి చేసి జరుపుతారు. ఏళ్లు గడిచి మైనం పగిలితే మేళం మళ్లీ కడతారు. ఇక్కడ చెయ్యి తప్ప గత్యంతరం లేదు. లేదు కాబట్టే దాన్ని ఎవరూ ప్రకటనల్లో అమ్మడం లేదు, అదనంగా ఒక్క రూపాయి వెయ్యడం లేదు. ప్రపంచంలో చేతిపనికి మోజు ఇంత పెరిగిన రోజుల్లో ఆ ఊరికి దక్కినదేమిటంటే, సన్మాన సభల్లో మంత్రులకిచ్చే బొమ్మ వీణల ఆర్డర్లు. అద్దాల పెట్టెలో ఉంటాయి. వాటికి మేళం అక్కర్లేదు.

మళ్లీ అమెరికా వెళ్దాం. చేతిపని శాఖకు పుణ్యక్షేత్రం కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్. దేవుడు లియో ఫెండర్. ఈ దేవుడు రేడియోలు బాగుచేసుకునే మనిషి, గిటారు వాయించడం రాదు. 1950 దశకం మొదట్లో టెలికాస్టర్, 1954లో స్ట్రాటోకాస్టర్ తెచ్చాడు. మెడను ఒంటికి జిగురుతో అతికించకుండా నాలుగు స్క్రూలతో బిగించాడు. తయారీ తేలిక, మార్చడమూ తేలిక. కరెంటు రూటర్లు, శాండింగు యంత్రాలు పెట్టి వరసలో లాగించాడు. మెట్లను పై నుంచి దిగ్గొట్టకుండా గాడి పక్క నుంచి దూర్చేవాళ్లు; ఆ పద్ధతి 1980ల మొదటి దాకా నడిచింది. ఆ సంగతి తెలియని రిపేరువాడు పాత ఫెండర్ మెట్టును పైకి పీకితే చెక్క పెచ్చులు కూడా లేస్తాయి. భక్తులు దీన్ని సంప్రదాయం అంటారు. నాకైతే ఇందులో సంప్రదాయం కంటే సాయంత్రానికి ఎన్ని మెడలు దాటాలన్న లెక్కే ఎక్కువ కనిపిస్తుంది. అంటే వీళ్లు మొక్కుతున్న చేతిపని ఆనాటికి ఫ్యాక్టరీ పనే. అది తప్పూ కాదు, లియో ఫెండర్ ఏనాడూ దాచనూ లేదు.

ఇంకో తమాషా. నికెల్ సిల్వర్ కంటే ఉక్కు తీగలు గట్టివి. రోజూ వాయించే గిటారుకు కొన్నేళ్లలో మెట్ల మీద గుంటలు పడతాయి, ఇక మార్చాల్సిందే. కాబట్టి 1959 నాటి గిబ్సన్ లెస్ పాల్ గిటారు వాయించి, ‘ఆహా, ఆ రోజుల్లో చేతిపని!’ అని కళ్లు మూసుకునే పెద్దమనిషి వేళ్ల కింద ఉన్నవి బహుశా ఎవరో రిపేరువాడు తర్వాతెప్పుడో వేసిన మెట్లు. అసలువి ఎప్పుడో చెత్తబుట్టలోకి పోయాయి. గిబ్సనే 1954లో లెస్ పాల్ కస్టమ్ తెచ్చినప్పుడు మెట్లు ఎంత కురచగా వేసిందంటే, దానికి ‘ఫ్రెట్‌లెస్ వండర్’ అని పేరు పడింది. ఈనాటి భక్తుడి చేతిలో పెడితే, మెట్లు అరిగిపోయిన సరుకు అంటగట్టారని పేచీకి దిగుతాడు.

చేతులకు అప్పుడప్పుడు పేర్లూ దొరికాయి, కాదనను. 1950ల ఫెండర్ మెడల మీద పెన్సిలుతో రాసిన ‘టీజీ’ అనే రెండక్షరాలు టాడియో గోమెజ్ అనే కార్మికుడివి. 1956లో చేరిన అబిగైల్ ఇబార్రా, తీగల ఊపును కరెంటుగా మార్చే పికప్‌లకు తీగ చుట్టేది. 2013లో రిటైరయ్యేనాటికి ఆమె సంతకం ఉన్న పికప్‌కు ప్రత్యేకమైన గిరాకీ. వాళ్లకు అప్పట్లో ముట్టింది జీతం. ఇప్పుడు ఆ పొడి అక్షరాల మీద వచ్చే లాభం అమ్ముకునేవాళ్లది. మెట్లు రాపాడిన చేతికి ఆ పాటి పొడి అక్షరాలు కూడా దక్కలేదు.

చేతికి పాస్‌పోర్టు కూడా ముఖ్యం. 1982లో ఫెండర్ జపాన్‌లో తయారీ మొదలుపెట్టింది, మత్సుమోటోలోని ఫుజిజెన్ ఫ్యాక్టరీలో. అప్పటికి ఫెండర్‌ను కొనుక్కున్న సీబీఎస్ కంపెనీ యాజమాన్యంలో ఫుల్లర్టన్ సరుకు మీద వాయిద్యకారుల గొణుగుడు బాగా ముదిరింది. జపాన్ నుంచి వచ్చిన గిటార్ల పనితనం చూసి అమెరికా నోరు వెళ్లబెట్టింది. 1985లో సీబీఎస్ ఫెండర్‌ను వదిలించుకుంది. అమ్మకంలో ఫుల్లర్టన్ ఫ్యాక్టరీ లేదు. కొత్త యజమానులు కొంతకాలం జపాన్ గిటార్ల మీదే కాలక్షేపం చేశారు. అయినా ‘జపాన్ చెయ్యి’ అన్న మాటకు గౌరవం రావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇండోనేషియా చేతికి ఇంకా రాలేదు. అదే ఆకురాయి, అదే మార్కర్, అవే ఎనభై ఎనిమిది మూలలు. కాలిఫోర్నియాలో చేస్తే చేతిపని, సురబయాలో చేస్తే కూలిపని.

మన హైదరాబాద్ షాపుల్లో ఈ సిద్ధాంతాన్ని ఇంకాస్త సరళం చేశారు.

“అన్నా, ఇది మిషన్‌ది కాదు గదా?”

“ఏ, పక్కా హ్యాండ్‌మేడ్ తమ్మీ. పట్టుకొని చూడు.”

“అంచులు గీసుకుంటున్నయ్ అన్నా.”

“గదే హ్యాండ్‌మేడ్ ఫీల్.”

“ఇగో, రక్తమొచ్చింది.”

“నీ చెయ్యి మెత్తగుంది. వాయించంగ వాయించంగ సెట్ అయితది.”

షాపాయన తప్పు కొంతే. చెక్క పొడిగాలికి కుంచించుకుపోతుంది, లోహం పోదు. తేమ ఉన్న చోట చేసిన మెడ ఎండు గాలిలోకి వస్తే అంచు వెనక్కి తగ్గి మెట్ల కొనలు బయటికి పొడుచుకొస్తాయి. అనంతపురం వేసవిలో వస్తాయి, అమెరికాలో మనవాళ్ల ఇళ్లలో చలికాలం హీటరు వేసినప్పుడూ వస్తాయి. దీనికి మందు చెక్కను కొయ్యక ముందు ఓపిగ్గా ఆరబెట్టడం. ఆరబెట్టే చెక్క గోడౌన్‌లో అద్దె కట్టుకుంటూ పడుంటుంది. పైన చెప్పిన అకౌంటెంటుకు అదీ నచ్చదు.

అయితే ఇంత ఖరీదైన చేతిపని ఎటుపోతోంది? గీతలకు పోతోంది. 1995లో ఫెండర్ కస్టమ్ షాపు ‘రెలిక్’ గిటార్లు తెచ్చింది. కొత్త గిటారుకు రంగు పెచ్చులూడగొట్టి, చెక్కకు సొట్టలు పెట్టి, స్క్రూలకు తుప్పు పట్టించి, నలభై ఏళ్లు బార్లలో వాయించినట్టు చేస్తారు. 2021లో గిబ్సన్ ‘మర్ఫీ ల్యాబ్’ పేరుతో ఇదే విద్యకు అంతరువులు పెట్టింది: అల్ట్రా లైట్, లైట్, హెవీ, అల్ట్రా హెవీ. ఎంత ఎక్కువ పాడుచేస్తే అంత ఎక్కువ ధర. ఒక మనిషి ఏకాగ్రతతో, చేతి నేర్పుతో, వేళాపాళా చూడకుండా గీతలు గీస్తాడు. మట్టం చెయ్యాల్సిన చోట మరకు మార్కులు, పాడు చెయ్యాల్సిన చోట చేతికి సన్మానం. ఇంతకంటే గొప్ప శ్రమ విభజన ఏ అర్థశాస్త్రజ్ఞుడికీ తట్టలేదు.

పోనీ, అబద్ధమైనా నిండుగా ఆడారా అంటే అదీ లేదు. రెలిక్ గిటారులో అన్నీ ముసలివే: రంగు, స్క్రూలు, గుండీలు, మెడ వెనక అరుగుడు. మెట్లు మాత్రం కొత్తవి, నున్నగా మెరుగు పెట్టినవి. నిజంగా ముప్పై నలభై ఏళ్లు వాయించి మెట్లు మార్చని గిటారైతే గుంటలు పడాలి కదా? గుంటలు పెడితే పెట్టెతో సహా వాపసు వస్తుందని తయారీదారుకు తెలుసు. ఆత్మ, చరిత్ర, బార్ల పొగ అన్నీ రంగు మీద రాసుకోవచ్చు. తీగ ఆనే చోట మాత్రం ఆ కబుర్లు చెల్లవని వాళ్లకు మనకంటే బాగా తెలుసు.

కాబట్టి కంపెనీలకు నాదొక మనవి. అల్ట్రా హెవీ పైన ఇంకో అంతరువు పెట్టండి. పేరు ‘సంపూర్ణ సత్యం’. గుంటలు పడ్డ మెట్లు, పొడుచుకొచ్చిన కొనలు, తొమ్మిదో మెట్టు దగ్గర గ్యారంటీ జర్రు. చేతిపని శాఖవారికి ఆకురాయి పట్టినవాడి సంతకంతో, మర శాఖవారికి రంగుల గ్రాఫుతో, విడివిడిగా విడుదల చెయ్యండి. రెండు క్యూలూ వీధి మలుపు దాటతాయి.

వాయించుకోవాల్సినవాడు ఎలాగూ మీ దగ్గరితో ఆగడు. కొత్త గిటారు భుజాన వేసుకుని సందులో ఉన్న రిపేరాయన దగ్గరికే పోతాడు. ఆయన మెడ అంచున బొటనవేలు ఒకసారి పోనిచ్చి, గ్రాఫు కాగితాన్ని టీ గ్లాసు కింద పెట్టి చెబుతాడు: “ఒక పూట పడతది. అర్జంటంటే నాతోని కాదు.”